చెవులపిల్లికి ఎంత గడ్డి?

మొన్న ఆదివారం మా చిన్నమ్మాయి స్నేహితురాలి ఇంటి నుంచి ఒక తెల్ల కుందేలును ఒడిలో వేసుకొచ్చి, ఈ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి మిగిలిన ఒకే ఒక్క జాగా అయిన నా పడక్కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, "డాడీ, దీనికి రోజుకు ఎంత గడ్డెయ్యాలె?" అని అడిగింది. పిడికెడు అనో రెండు పిడికెళ్లు అనో చెప్పేస్తే అయిపోయేది. కాని నేను కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడుస్తూ కూర్చున్నాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసి బీపీ పెరిగిందనుకుని మాత్రల డబ్బా తెచ్చింది. బీపీ కాదు, ముప్పై ఏండ్ల పైచిలుకు వెనక్కి పోయి, పెద్దపల్లి పక్కన మా ఊళ్లో, మా ఇంటి వసారాలో, ఇదే ప్రశ్నను చేతులు జోడించి ఒక టాంగా ఆయనను అడుగుతున్నాను నేను.

అప్పటికి హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చి ఐదారేండ్లయి ఉంటుంది. నేను ఉట్నూరులో ఒక సర్కారు కచేరిలో గుమాస్తాను. నా నౌకరీ ఎంత తాత్కాలికమంటే, నీళ్లు తాగడానికి కుర్చీలోంచి లేవాలన్నా భయమే, తిరిగొచ్చేసరికి అందులో ఇంకొకడు కూర్చుని ఉంటాడేమోనని. అక్కడి దోమలు పిచ్చుకలంత ఉండేవి. పిచ్చుకలు ఎంత ఉండేవో చెబితే మీరు నమ్మరు, వదిలేయండి. ఆ అడవిలోకి ఒకనాడు బాపు, అంటే మా నాన్న, రాసిన కార్డు వచ్చింది. బాపు మాటల్లోనే పొదుపరి, కార్డు మీద మరీనూ. చెల్లెకు జ్వరం దిగింది, అన్నం ముడుతలేదు, రా. అంతే.

మన ఈడు వాళ్లకు టైఫాయిడ్ అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. మనిషిని జ్వరం సగం తింటే, లంఖణాల పేరుతో మిగతా సగాన్ని మనమే తినేవాళ్లం. తొమ్మిదేండ్ల మా చెల్లె మూడు వారాలు గోరువెచ్చటి నీళ్లు, బార్లీ మీద బతికింది. జ్వరం దిగి పథ్యం పెట్టే రోజు వచ్చేసరికి ఆ పిల్లకు ఆకలనేదే మరుపైంది. ముద్ద చూపిస్తే మొహం గోడకు తిప్పుకునేది. ఏదో ఒకటి తినకపోతే చేతికందదని పెద్దపల్లి డాక్టరు బాపుతో చెప్పాడట. ఆ మాటకు మా ఇంట్లో అందరికీ ఆకలి పోయింది.

సెలవు పెట్టాను. అదే వారం ఉట్నూరు నుంచి బదిలీ మీద పోతున్న ఒక డాక్టరుగారు తను పెంచుకున్న తెల్ల కుందేళ్లను ఎవరికివ్వాలా అని చూస్తుంటే, చెల్లె నవ్వుతుందేమోనని ఒకదాన్ని అడిగి తెచ్చుకున్నాను. దాన్ని గంపలో పెట్టి, పైన తువ్వాలు కప్పి, ఉట్నూరు నుంచి మంచిర్యాలకు బస్సులో, అక్కడి నుంచి పెద్దపల్లికి ప్యాసింజరులో ప్రయాణం చేశాను. దారి పొడుగునా కనీసం నాలుగు వందల మంది గంపలోకి తొంగి చూసి కూర ఎట్లా వండాలో ఉచితంగా సలహా ఇచ్చారు. ఒక ముసలాయన మసాలా పాళ్లు చెబుతూ చెబుతూ తన స్టేషను దాటిపోయాడు కూడా.

చెల్లె దాన్ని చూసి నిజంగానే నవ్వింది. మా వైపు కుందేలును చెవులపిల్లి అంటారు. అప్పటివరకూ మా పిల్లలు చూసినవి చేలల్లో మట్టిరంగులో ఉరికేవే. ఇంత తెల్లగా, ఎర్రటి కళ్లతో, కొత్త పెండ్లికొడుకులా కదలకుండా కూర్చునే చెవులపిల్లిని వాళ్లెరుగరు. చెల్లె మంచం పక్కన దాన్ని దింపగానే, అది వసారా అంచుకు పోయి, ఎద్దుల గడ్డిలోంచి రాలిన ఒక పోచను పట్టుకుని నమలసాగింది. చెల్లె దానివంక కన్నార్పకుండా చూసి, అందరూ వినేటట్టు ఒక ప్రకటన చేసింది. "అది తింటె నేను తింట. అది ఏది తింటె గదే తింట." అని, చెయ్యి చాపి ఇంకో గడ్డిపోచ తీసి నోట్లో పెట్టుకుంది.

ఇగ చూడండి మా ఇంట్లో. అవ్వ, అంటే మా అమ్మ, కెవ్వుమని ఆ పోచను నోట్లోంచి లాగి, ఆ క్షణం నుంచి మా గడపలోకి గడ్డి రావద్దని శాసనం చేసింది. బాపు వసారా అంతా ఊడ్చి, ఎద్దులను పెరట్లో ఆ చివరికి మార్చి, గడ్డివాము చుట్టూ కంప కట్టాడు. నైజాము ఖజానాకు కూడా అంత కాపలా ఉండి ఉండదు. చెవులపిల్లి గడ్డి తింటే పిల్ల గడ్డి అడుగుతుంది, చెవులపిల్లి బువ్వ తింటే పిల్ల బువ్వ తింటుంది. మా ఇంటిల్లిపాది తెలివీ ఒకచోట కుప్ప పోస్తే తేలిన లెక్క ఇది.

కాబట్టి రెండు చిన్న పళ్లేలు, మా మాటలో తలెలు, తెచ్చి, ఒకటి పిల్ల ముందు, ఒకటి చెవులపిల్లి ముందు పెట్టాం. పాతబియ్యపు అన్నం, కందికట్టు, వెన్న కాచిన నెయ్యి, బెల్లం ముక్క, నానబెట్టిన శనగలు, పాలల్లో నానిన రొట్టె. అది మొదట మూతి ముడిచినా, బెల్లం రుచి తగిలాక లొంగిపోయింది. తలె ఖాళీ చేసి అవ్వ కొంగు పట్టి లాగేది. నాలుగు రోజుల్లో మా ఊరి పోలీసు పటేలు కన్నా బలిసింది, నడకలో కూడా ఆయన ఠీవే వచ్చింది. చెల్లె తలె కూడా ఖాళీ అవుతుండేది. అవ్వ దాన్ని చూసి చేతులెత్తి ధర్మపురి నరసింహస్వామికి మొక్కి, పిల్ల కోలుకుంటే ఇద్దరినీ గోదావరిలో స్నానం చేయించి తెస్తానని చెప్పుకుంది. ఆ ఇద్దరిలో రెండోది చెవులపిల్లి.

ఐదో రోజు పొద్దున అది తలె ముట్టలేదు. మధ్యాహ్నానికి ఒక మూలకు పోయి, వీపు గుండ్రంగా చేసుకుని, కళ్లు సగం మూసి, పళ్లు పటపట కొరుకుతూ ముద్దలా కూర్చుంది. బెల్లం చూపిస్తే మొహం తిప్పుకుంది, అచ్చం చెల్లె తిప్పుకున్నట్టే. రోజూ మిరియాలు ఆరబోసినట్టు వసారా నిండా పడే దాని పెంటికలు ఆనాడు ఒక్కటీ లేవు. నమ్మండి, డిగ్రీ పరీక్షల ఫలితాలు వెతికిన వాడిని నేను, అంత ఆత్రంగా పత్రికను కూడా వెతకలేదు. బాపు, నేను మోకాళ్ల మీద వంగి, దీపం పట్టుకుని మంచాల కింద, గంపల వెనకా వెతుకుతుంటే, ఇదంతా చెల్లె చూస్తూ ఉంది. ఒక్కటి దొరికితే చాలు. దొరకలేదు.

ఆ పూట చెల్లె కూడా తలె నెట్టేసింది. ఒప్పందం ఒప్పందమే కదా. మర్నాడూ అంతే. నాడి చూస్తే నాకు అందలేదు. అందలేదంటే నాకు చూడడం రాకనేమో, కాని ఆ క్షణంలో అది తోచదు. అవ్వ పొయ్యి ముందు కూర్చుని పొయ్యి వెలిగించలేదు. బాపు పెరట్లోకి, పెరట్లోంచి వసారాలోకి, ఎందుకు తిరుగుతున్నాడో తెలియకుండా తిరిగాడు. ఇన్ని గొప్పలు చెప్పే నేను ఆనాడు ఏం చేశానంటే, మంచం కోడు పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు చెల్లె గోడవైపే ఉండి, సన్నగా, దారంలా ఉన్న గొంతుతో అంది. "అన్నా, నేనే సంపిన. నా తలెల బువ్వ గుడ దానికే పెట్టిన. నువ్వు గిటు తిరిగినప్పుడల్ల."

అంటే నాలుగు రోజులుగా ఆ పిల్ల తిన్నది ఏమీ లేదన్నమాట. మేము ముచ్చటపడ్డ రెండు ఖాళీ తలెలూ ఒక్క కడుపులోకే పోయాయి. ఈ మాట అవ్వకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కాని అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది, విననే విన్నది. ఆమె ఏడుపు పక్కింటికి వినబడింది.

పక్కిల్లు టాంగా చాచాది. పెద్దపల్లి స్టేషనులో రైలు దిగినవాళ్లను మా చుట్టుపక్కల ఊళ్లకు చేరవేసేవాడు. గుర్రానికీ ఆయనకూ ఒకే రకం గడ్డం, ఒకే రకం కోపం. అప్పుడే టాంగా విప్పబోతూ ఏడుపు విని, కొరడా చేతిలో ఉండగానే వచ్చాడు. పిల్లను చూశాడు, మూలన చెవులపిల్లిని చూశాడు, దాన్ని రెండు చేతుల్లో ఎత్తి పొట్ట ఒత్తి చూసి, ఏం పెట్టినరని అడిగాడు. మేము అంత దుఃఖంలోనూ కొంచెం గర్వంగానే చెప్పాం, నెయ్యి, బెల్లం, శనగలు, పాలరొట్టె. చాచా నుదురు కొట్టుకున్నాడు.

"యా అల్లా! ఇది చెవులపిల్లా, దావత్‌కొచ్చిన అల్లుడా? నా గుర్రానికి గిట్ల దాణా పెడితె రెండు దినాలల్ల కడుపు గట్టిపడి సస్తది, భాభీ. ముందుగాల గడ్డి. గడ్డెన్కనే ఏదన్న."

బాపు పోయి కంప తీసి వాములోంచి గుప్పెడు వరిగడ్డి తెచ్చాడు. చెవులపిల్లి దాన్ని వాసన చూసి తల తిప్పుకుంది. ముదురు గడ్డి, ముళ్లలా ఉంది, అది ఒంట్లో బాగున్నప్పుడైతే తినేదేమో. సన్నగడ్డి కావాలన్నాడు చాచా, ఎండిన గరిక లాంటిది. ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. చేల గట్ల మీద పచ్చపోచ లేదు, ఎండుపోచ అంతకన్నా లేదు, పశువుల కోసం ఇండ్ల కప్పుల మీది గడ్డి పీకుతున్నారు. అట్లాంటి ఏడు ఎవరూ ఎవరినీ గడ్డి అడగరు. ఉప్పడుగుతారు, నిప్పడుగుతారు, అవసరమైతే పిల్లనడుగుతారు, గడ్డి మాత్రం అడగరు. లేదనడం ఎంత కష్టమో అందరికీ తెలుసు కనుక అడగకపోవడమే మర్యాద. బాపు నోరు విప్పలేదు. చాచా బాపు మొహం వంక ఒకసారి చూసి బయటికి పోయాడు.

పక్కింటి వాకిట్లో గుర్రం మూతి ముందు గోనెసంచి పరిచి ఉంది. మానేరు ఒడ్డున చాచా ఇంటావిడ నిన్నంతా వంగి గీసి తెచ్చిన సన్నగడ్డి, ఆ గుర్రానికి ఆ రోజుకంతా అదే. దాని పక్కటెముకలు నేను ఇక్కడి నుంచే లెక్కపెట్టగలను. చాచా ఆ సంచిలోంచి రెండు చేతుల నిండా తీశాడు. గుర్రం ఆయన చేతుల వెంట మెడ చాపింది. ఆయన దానికి ఏదో చెప్పి, చూడకుండా ఇటు తిరిగాడు.

అప్పుడు అడిగాను నేను, గుమాస్తాను కనుక. "ఎంతెయ్యాలె చాచా? తూకం చెప్పు."

"తూకమేంది, బేటా! దాని ఒళ్లెంతనో గంత. అయిపోతె మల్ల గంత. గడ్డి అయిపోవద్దు, దాని నోరు ఆగద్దు."

చెవులపిల్లి పొట్ట మెల్లగా నిమిరాడు, గోరువెచ్చటి నీళ్లు చుక్కలు చుక్కలుగా పట్టించాడు, వసారాలో అటూ ఇటూ నడిపించాడు, గడ్డి ముందు వదిలేశాడు. పొద్దు నెత్తి మీదికి వచ్చింది, నెత్తి మీది నుంచి దిగింది. అరవై గంటలు గడిచినట్టనిపించింది. మధ్యాహ్నం మూడో నాలుగో అయి ఉంటుంది. అప్పుడు వినబడింది, కర్ర్... కర్ర్... కర్ర్... అని, ఎవరో దూరంగా కొత్త చెప్పులేసుకుని నడిచినట్టు. ఒక పోచ దాని నోట్లో కొంచెం కొంచెంగా లోపలికి పోతున్నది. చెల్లె గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

ఇప్పుడు గడ్డి అడుగుతుంది కదా అని భయపడ్డాను. ఇదే భయం బాపుకూ వచ్చినట్టుంది. ఊళ్లో ఎదురైతే నలుగురు లేచి నిలబడే పెద్దమనిషి, ఒక్క గడ్డిపోచ తీసి, చెల్లె చూడకుండా, అది బిడ్డ గొంతులో గుచ్చుకుంటుందా లేదా అని తాను నమిలి చూస్తున్నాడు. చెల్లె చూసింది.

"బాపూ, నువ్వెందుకు తింటున్నవ్? గది దాని బువ్వ. నాకు నా బువ్వ పెట్టుమను అవ్వను."

ఆనాడు మా అవ్వ పొయ్యి వెలిగించినంత వేగంగా ఈ భూమ్మీద ఎవరూ పొయ్యి వెలిగించలేదు. చెల్లె నాలుగు ముద్దలు తిన్నది, లెక్క నాది. దాని తర్వాత మేమందరం, చాచాతో సహా, నిలబడే తిన్నాం, కూర్చుంటే ఎక్కడ ఆగిపోతుందోనని, వెనక కర్రకర్ర వింటూ.

చెల్లె బతికింది. చెవులపిల్లి ఇంకో నాలుగేండ్లు బతికి, గోదావరి స్నానం కూడా చేసి, ఆ రోజంతా అవ్వ మీద అలిగింది. గుర్రం మాత్రం ఆ ఎండాకాలం దాటలేదు. మేము తీసుకున్న గడ్డి వల్ల కాదు, దోసెడు గడ్డికి గుర్రం చావదు. చాచా కూడా అదే అన్నాడు, మేము అడగకముందే అన్నాడు. అయినా ఆ మర్నాటి నుంచి బాపు రోజూ మా వాములోంచి ఒక కట్ట చంకలో పెట్టుకుపోయి ఆ వాకిట్లో వేసి, మాట్లాడకుండా తిరిగొచ్చేవాడు. మా ఎద్దులు చిక్కిపోతున్నా వేశాడు. గుర్రం పోయిన రోజు పొద్దున కూడా కట్ట తీసుకుపోయి, తిరిగి తేలేక అక్కడే దింపి వచ్చాడు.

ఇప్పుడు ఆ వాకిలి లేదు. టాంగాలు పోయి ఆటోలు వచ్చాయి, చాచా మనుమడు దుబాయిలో ఉన్నాడు. మొన్న ఆ కుందేలు కోసం కరీంనగర్‌లో మా వాడకట్టంతా తిరిగాను, అంతా సిమెంటే, ఒక్క గరికపోచ లేదు. చివరికి ఊరి బయట పాలవాడి కొట్టంలో దొరికింది, దోసెడు. అతను ఆలోచించకుండా ఇచ్చేశాడు, గడ్డే కదా అన్నాడు. గడ్డే కదా. ఆ మాట అనగలిగే రోజులు రావడం మంచిదే. కాని ఆ మాట విని నాకు ఎందుకో చేతిలో బరువు ఎక్కువైంది.

తెచ్చి వేస్తే, మా అమ్మాయి కుందేలు తినడం మొదలుపెట్టింది. కర్ర్, కర్ర్. వెంటనే నాకు విపరీతమైన ఆకలి వేసింది, అప్పటికి గంట క్రితమే తిన్నవాణ్ణి. మా ఆవిడ మళ్లీ మాత్రల డబ్బా వైపు చూసింది. వడ్డించడానికి అవ్వ లేదు, నమిలి చూడడానికి బాపు లేడు. ఆ చప్పుడుకు అర్థం తెలిసినవాళ్లు ఈ లోకంలో ఇద్దరమే మిగిలాం కనుక జగిత్యాలకు ఫోన్ కలిపి, చెల్లెకు కుందేలు వచ్చిందని మాత్రం చెప్పాను. ఎవరిది, ఎక్కడిది, ఏ రంగు అని ఆమె అడగలేదు. ముప్పై మైళ్లు దూరమైనా పక్కగదిలోంచి అడిగినట్టు అడిగింది.

"తిన్నదా?"

తిన్నదన్నాను.

"ఇగ నేను తింట" అని ఫోన్ పెట్టేసింది.