సముద్రానికి కట్టిన బండి

నేను సముద్రం చూపించమని అడగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఇప్పటికీ ఆ ప్రయాణం నా సరదా కొద్దీ పెట్టుకున్నదనే అంటారు. నేను అన్నది ఒకటే. ఒక్క వారం పాటు ఎవరైనా నా చేతికి కాఫీ తెచ్చి ఇస్తే బాగుండునని. అదీ పొయ్యి ముందు పొగకు కళ్లు మండి, విసుగెత్తి అన్న మాట. మా ఆయన దాన్ని పట్టుకున్నాడు.

యాభైల నాటి సంగతి. కోయిలకుంట్ల పక్కన మా ఊరు, చుట్టూ నల్లరేగడి. ఆ యేడు దసరా దగ్గర పడుతున్నా వాన జాడ లేదు. జొన్న విత్తే కాలమది. విత్తనాల గొర్రు వసారాలో గోడకు ఆనించి అలాగే ఉంది. ఎద్దులు మేసి పడుకుంటున్నాయి. మగవాళ్లు అరుగుల మీద కూర్చుని ఆకాశాన్ని తిట్టుకుంటున్నారు. మా ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఒకనాడు నంద్యాల పోయి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా అన్నాడు.

"వాన ల్యాకపాయె, పని ల్యాకపాయె. సముద్రం కాడికి పోదాం పా."

నేను పకపకా నవ్వాను. "ఈడ తాగేకి నీళ్లు లేవు గానీ, సముద్రమంట!"

నవ్వులాట కాదు. నంద్యాలలో మా పత్తి కొనే షావుకారుకు బాపట్ల దిక్కున చుట్టాలున్నారు. వాళ్ల చేత సముద్రపు ఒడ్డున దొరలు దిగే బంగళా ఒకటి వారం రోజులకు మాట్లాడించి వచ్చాడు. రైల్లో ఫస్టు క్లాసట. నల్లమల అడవిలోంచి పోతుందట. ఇక్కడ ఎంత ఎండినా అక్కడి కొండలు పచ్చగానే ఉంటాయట. సొరంగంలో దూరినప్పుడు పట్టపగలే చీకటి పడుతుందట. అది దాటిపోతే వరిచేలు, కాలువలు. బంగళాలో దోమతెర మంచాలు, వంటమనిషి, వరండాలో పేము కుర్చీలు, ఎదురుగా సముద్రం.

"పొద్దున్నే వంటాయన కాఫీ తెచ్చి నీ చేతికిస్తాడు. నువ్వు కుర్చీలోంచి లేసే పని లేదు," అన్నాడు.

అంతే, నేను పడిపోయాను. సముద్రం సంగతి దేవుడెరుగు, ఆ కుర్చీ నా కళ్ల ముందు నుంచి కదలలేదు. పెళ్లయి ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి నేను తాగిన కాఫీ అంతా పొయ్యి పక్కన నిలబడి, చల్లారాక తాగిందే.

మా అత్త ఊరుకుంటుందా! మామ పోయాక కూడా ఇల్లు ఆమె మాట మీదే నడిచేది. కాఫీని మసినీళ్లు అనేది. నన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట అన్న పాపాన పోలేదు. ఈ ప్రయాణం మాట విని ఆమె మొట్టమొదట అడిగింది నీళ్ల గురించే.

"సముద్రం కాడ నీళ్లు ఉప్పంట కదరా. తాగేకి ఏం చేస్తారు?"

"మన బాయి నీళ్లు మాత్రం తీపా, అత్తా?" అన్నాను.

"మన ఉప్పు మనకు తెల్సు. పరాయి ఉప్పు ఎట్లుంటాదో ఎవురికి తెల్సు?"

కుందూ ఏటి ఇసుకలో చెలమలు తోడించింది. ఆ తీపినీళ్లు రాగిబిందెల నిండా పట్టించి, మూతులకు గుడ్డలు కట్టించింది. ఫస్టు క్లాసులో బిందెలేందమ్మా, చూసినోళ్లు నవ్వుతారు అని మా ఆయన మొత్తుకున్నాడు.

"నవ్వనీ. దప్పికైతే వాళ్లే అడుగుతారు," అంది.

నేను కజ్జికాయలు చేశాను. పట్టుచీరలు తీసి ఎండకు వేశాను. ఊరంతా తల పైకెత్తి మబ్బు కోసం వెతుకుతుంటే, నేను మాత్రం తల దించుకునే తిరిగాను.

ప్రయాణానికి ముందు రోజు మధ్యాహ్నం పక్కబట్టలు చుట్టిన హోల్డాల్ పట్టీలు బిగిస్తున్నాను. మబ్బు కమ్మి ఇల్లంతా ఒక్కసారిగా చీకటైంది. చూస్తుండగానే వాన దబదబా దంచి కొట్టింది. వీధిలో కేకలు, నవ్వులు. మా ఆయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయినా ముంగిట్లో నిలబడి నవ్వుతున్నాడు. నన్ను చూసి ఆ నవ్వు ఆపుకున్నాడు. ఆయన అలా ఆపుకోవడం చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది.

పొద్దున్నకు తెరిపిచ్చింది. నేల పదునుకు రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. పదును రాగానే విత్తాలి, ఆలస్యమైతే నేల ఆరిపోతుంది. బంగళా ఏమో ఆ వారమే మాది, తర్వాత ఎవరో పెద్ద అధికారి దిగుతాడట. మా ఆయన మాట తప్పే మనిషి కాదు.

"జీతగాండ్లు ఇత్తుకుంటార్లే. బండి కడతాండా," అన్నాడు.

జీతగాళ్లకు విత్తడం వచ్చు. రానిదల్లా మొదటి పిడికెడు. మా ఇంట్లో గొర్రుకు పసుపు కుంకుమ పెట్టి, మొదటి పిడికెడు జొన్నలు ఇంటి ముత్తైదువే వేయాలి. మామ ఉన్నంతకాలం అది మా అత్త పని. ఆయన పోయాక నాకు వచ్చింది. అప్పటి నుంచి విత్తేనాడు ఆమె చేను ఛాయలకు కూడా వచ్చేది కాదు. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తలేదు. బిందెలు బండెక్కాయి. నేనూ ఎక్కాను.

అప్పుడు మా అత్త గడప దాటి బండి దగ్గరికి వచ్చింది.

"నువ్వు పోమ్మా. మొదటి పిడికెడు నేనేస్తా."

"అమ్మా! ఊర్లో ఏమంటారు?" అన్నాడు మా ఆయన.

"ఏమంటారు? ఈ చెయ్యి అన్నేండ్లు ఎయ్యల్యా? ఏస్తే మొలవల్యా? పోండి పోండి, బురదలో బండి దిగబడతాది."

బండి కదిలింది. వెనక్కి తిరిగి చూశాను. ఆమె వాకిట్లోనే నిలబడి, కుడి అరచేతిని చీర కొంగుకు తుడుచుకుంటోంది. తుడుచుకుని, ఆ చేతిని చూసుకుంటోంది.

"ఆపు," అన్నాను.

"ఏమాయె?"

"దిగుతాండా. ఈయేడు జొన్నకు పురుగు పట్టినా, మంచుకు మాడినా, ఊరోళ్లు ఎవురి చేతిని అంటారో నీకు తెల్దా?"

బండి ఆగింది. నేను పట్టుచీరతోనే బురదలోకి దిగాను. ఒళ్లంతా మంట. వాన మీద కోపం, ఊరి మీద కోపం, నోరు మెదపని మొగుడి మీద మరీ కోపం. అత్త ఎదుటికి పోయి నిలబడి, "పొమ్మంటే పోతాననుకుంటివా?" అని అరిచి, లోపలికి పోయి, తలుపేసుకుని కుమిలి కుమిలి ఏడ్చాను. పేము కుర్చీ కోసమే ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు!

పదును వచ్చిన రోజు అత్తను కూడా చేనికి రమ్మన్నాను. మొదట రానంది. నువ్వు రాకుంటే నేనూ పోను అని మొండికేస్తే వచ్చింది, గట్టు మీద నిలబడింది. నేను గొర్రుకు బొట్టు పెట్టి మొదటి పిడికెడు వేశాను. ఎద్దులు కదిలాయి.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని వంటింట్లోకి పోబోతుంటే ఆమె అడ్డం వచ్చింది.

"ఆడ కూచో," అంది. వసారాలో మామ పడక కుర్చీ వైపు చెయ్యి చూపించింది. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోలేదు.

"అత్తా, అది..."

"కూచోమంటాండా కదా!"

కూర్చున్నాను. లోపల గిన్నెలు ఎత్తి పడేసిన చప్పుడు, పొయ్యి ఊదిన చప్పుడు, దగ్గు. చాలాసేపటికి ఇత్తడి గ్లాసు కొంగుతో పట్టుకుని వచ్చి నా చేతికిచ్చింది.

"సముద్రానికని పట్టిన నీళ్లు. పారబోస్తామా ఏంది?"

ఆమె జన్మలో కాఫీ పెట్టలేదు. పొడి వడకట్టాలని తెలియదు, బెల్లం చాలా వేసింది. నోట్లో పొడి తగులుతోంది. ఎదురుగా వీధి గుంటలో వాననీళ్లు నిలిచి ఉన్నాయి. ఆమె గోడకు ఆనుకుని కింద కూర్చుని నా మొహమే చూస్తోంది.

"ఎట్లుండాది?"

"శానా బాగుండాది అత్తా."

"ఇంగో గ్లాసు తెస్తా ఉండు," అని మోకాళ్లు పట్టుకుని లేచింది. నేను వద్దనలేదు. కుర్చీలోంచి లేవలేదు.