మేనత్త నేసిన ఛాతీ పట్టీ

నా చిన్నప్పుడు కొత్తవాడలో మా ఇంటి ముందు నుంచి పోయేవాళ్లు ఒక్క క్షణమైనా ఆగి చూసేవాళ్లు. చూసేది మమ్మల్ని కాదు, వాకిట్లో కట్టేసిన మా కుక్కను. నల్లగా, దూడంత ఎత్తుండేది. పేరు కర్రిగాడు.

ఇంట్లో అమ్మానాన్నలతో పాటు, చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకొని మా దగ్గరికి వచ్చేసిన మా మేనత్త ఉండేది. నాన్నకు అక్క. ఇద్దరూ పక్కపక్క మగ్గాల మీద జంపఖానాలు నేసేవాళ్లు.

కర్రిగాడికి బలమే శత్రువైంది. మెడకు తాడు కడితే దగ్గుతూ, నాలుక వేలాడేసుకొని గుంజేవాడు. ఒక ఎండాకాలం వాణ్ని మంచానికి కట్టేస్తే ఆ మంచంతో సహా వీధిలోకి పోయి, ఎదురింటి పెద్దమ్మ రంగు వేసి ఆరబెట్టుకున్న నూలంతా మట్టిపాలు చేశాడు. నూలంటే మా వాడలో అన్నంతో సమానం. పెద్దమ్మ ఏడ్చింది. నాన్న మా నూలు తీసుకుపోయి ఆమెకిచ్చి, ఇంట్లోకి వస్తూనే, ఆదివారం కుక్కను ధర్మసాగర్‌లో చుట్టాల తోటకు తోలేస్తానన్నాడు. నేను పోయి కర్రిగాడి మెడ పట్టుకొని కూర్చున్నాను.

"జర ఆగు తమ్మీ," అంది మేనత్త. "ఆదివారం దాక టైమున్నది గద. గంత బలం ఏదన్న పనికొస్తదేమో చూస్త."

అప్పుడు మా వీధి నల్లాలో నీళ్లు రావడం లేదు. పెద్ద రోడ్డు దాకా పోయి తెచ్చుకోవాలి. చెక్కకు బేరింగులు కొట్టి నాన్న చేసిన చిన్న బండి మీద బిందెలు పెట్టుకొని, అమ్మా నేనూ లాక్కొచ్చేవాళ్లం.

మరునాడు మేనత్త ఆ బండి మీద నిండు బిందెలు పెట్టింది. కర్రిగాడి తాడు విప్పి బండికి కట్టి, రెండో కొస నా చేతికిచ్చి, భుజం మీదుగా వేసుకొని గుంజమంది. కుక్క పని నాతో ఎందుకు చేయిస్తోందో అర్థం కాలేదు. కొంచెం దూరం పోయేసరికే తాడు భుజంలోకి దిగింది. అప్పుడు వెడల్పాటి నూలు పట్టీ తెచ్చి, నా ఛాతీకి అడ్డంగా వేసి మళ్లీ గుంజమంది. ఈసారి బండి తేలిగ్గా కదిలింది. కానీ చంకల కింద ఒరుసుకుంది.

"ఏడ కొరుకుతాంది బిడ్డా?" అని అడిగింది.

చూపించాను. పట్టీ మీద అక్కడ పసుపుతో గుర్తు పెట్టింది.

"నీకు నోరున్నది, చెప్తానవ్. దానికి లేదు గద," అంది.

జంపఖానా పని పక్కనపెట్టి, మిగులు నూలుతో అరచేయంత వెడల్పు పట్టీ ఒకటి నేసింది. లోపలివైపు పాత గొంగడి ముక్క కుట్టింది. అది ఛాతీ మీదికి. ముందరి కాళ్ల వెనక నుంచి వీపు చుట్టూ వచ్చే ఇంకో పట్టీ దాన్ని జారకుండా పట్టుకుంటుంది. నా పాత ఊయల రింగులు పక్కలకు కుట్టి, వాటిలోంచి తాళ్లు బండికి పోయేట్టు చేసింది. తాళ్లు వెనక కాళ్లకు తగలకుండా వాటి మధ్యలో అడ్డంగా ఒక కర్ర కట్టింది. మెడ మీద దారప్పోగు కూడా లేదు.

తొడిగితే కర్రిగాడు కూలబడి పట్టీని కొరకసాగాడు. మేనత్త తొందరపెట్టలేదు. పట్టీతోనే అన్నం తిననిచ్చింది, పడుకోనిచ్చింది. తర్వాత ఉత్త బండి కడితే బేరింగుల చప్పుడుకు బెదిరి నా వెనక నక్కాడు. నేను ముందు నడుస్తుంటే మెల్లగా వెంట వచ్చాడు.

ఆదివారం పొద్దున నాన్న చెప్పులేసుకొని వాకిట్లోకి వచ్చేసరికి కుక్క లేదు. మేం పెద్ద రోడ్డు నుంచి తిరిగి వస్తున్నాం. కర్రిగాడు తల కొంచెం వంచి, దగ్గు లేకుండా, నిండు బిందెల బండిని లాక్కొస్తున్నాడు. మేనత్త చేయి వాడి వీపు మీద ఉంది. వీధి వీధంతా గడపల్లో నిలబడి చూసింది. ఆ నడక ఇప్పటికీ నా కళ్ల ముందుంది. రాణి ఊరేగింపు కూడా అంత బాగుండదనుకున్నాను.

నాన్న చెప్పులు విప్పేసి బండి దగ్గరికి వచ్చాడు.

"బిందెలు దించు బిడ్డా, నీళ్లు తొణుకుతానయ్," అన్నాడు. ధర్మసాగర్ మాట మళ్లీ ఎత్తలేదు.

అప్పుడే ఎదురింటి పెద్దమ్మ బిందెలు పట్టుకొని వచ్చి, "మాయి గూడ తెస్తదా?" అని మేనత్తనడిగింది.

"నాకేం తెలుసు పెద్దమ్మా, గుంజి చూసింది ఈ పిల్ల. దీన్నే అడుగు," అంది మేనత్త.

పెద్దవాళ్లంతా నా వైపు తిరిగారు. నేను ఆమె బిందె ఒకటి ఇంట్లో నీళ్లతో నింపి, బండి మీద మా బిందెల పక్కన పెట్టి, కర్రిగాణ్ని విప్పి, మొదటి నూలు పట్టీ నా ఛాతీకి వేసుకొని మలుపు దాకా లాగి వచ్చాను.

"ఒక్కటి పెట్టుండ్రి, రెండొద్దు," అన్నాను.

ఎవరూ కాదనలేదు. ఆ ఎండాకాలమంతా ఎవరి బిందె ఎక్కాలన్నా నా మాటే చెల్లింది.

పెళ్లయ్యాక మిషన్ కొనుక్కొని స్కూలు బ్యాగులు కుట్టాను. కొత్త రకం కుట్టినప్పుడల్లా పుస్తకాలతో నింపి, తగిలించుకొని వీధి చివరిదాకా పోయి వచ్చేదాన్ని. చూసేవాళ్లు నవ్వేవాళ్లు. కానీ నా బ్యాగు మోసిన పిల్లలెవరూ భుజం నొప్పి అన్నట్టు నేను వినలేదు. మొన్న మనవరాలికి కొత్త బ్యాగు తెచ్చారు. దాన్ని పుస్తకాలతో నింపి, నేనే వేసుకొని వాకిట్లో తిరుగుతుంటే కోడలు, "మీకెందుకత్తమ్మా ఈ బరువు?" అంది. ఎడమ పట్టీ మెడ పక్కన గుచ్చుకుంటోంది. కూర్చొని, కుట్లు విప్పడం మొదలుపెట్టాను.