కోళ్లగూటి వెనక దొంగ

మా కెమెరా పనితనం గురించి చెప్పాలంటే ముందు మా నాన్న పరువు ఎలా పోయిందో చెప్పాలి. నవ్వుకోండి, పర్వాలేదు. ఆయన తప్ప అండమాన్‌లోని మా బాంబూఫ్లాట్ ఊరంతా నవ్వింది.

ఆ డిసెంబర్‌లో మా వీధిలో కోళ్లు మాయమవుతున్నాయి. క్రిస్మస్ కూర కోసం అమ్మ పెంచుతున్న పుంజును కాపాడే బాధ్యత నా మీద పడింది. కొత్త కెమెరా బిగించాను. మా దీవుల్లో ఐదు దాటితే చీకటే కదా! గుమ్మానికి కట్టిన క్రిస్మస్ స్టార్ వెలిగిందంటే ఫోన్ తెర మీద అదొక్కటే భగభగ. పక్కనున్న కోళ్లగూడు బొగ్గు బస్తాలా కనిపించేది.

"అమ్మా, స్టార్ ఆర్పేద్దామా?"

"ఏటిరా, దేవుడి పుట్టినరోజుకి కొంప చీకటి చేసేత్తావా? నీ కేమెరానే సరిజేసుకో!"

చేసుకున్నాను. నాలాంటి మేధావికి అదెంత పని? కెమెరాను కాస్త తిప్పి స్టార్‌ను తెర బయటికి నెట్టాను. రాత్రి మోడ్ పెట్టాను. గూటి వెనక ఏది కదిలినా ఫోన్ మోగేలా చేశాను. పుంజు ఈకలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టం! చర్చి గ్రూపులో గొప్పలు కూడా చెప్పుకున్నాను.

ఇంటింటికీ క్రిస్మస్ పాటలు పాడే క్యారల్స్ వాళ్లు మా ఇంటికి రావాల్సిన సాయంత్రం ఫోన్ మోగింది. గూటి వెనక ఎవరో లావుపాటి మనిషి! బనియనుతో, వీపు ఇటు పెట్టి వంగున్నాడు. పక్కన పెద్ద సంచి.

"అమ్మా, పుంజు పోయింది!" అని అరిచి, వీడియో మొత్తం చూసే ఓపిక లేక గ్రూపులో పడేశాను. 'దొంగ దొరికాడు. క్లారిటీ చూడండి' అని రాసి మరీ. తెడ్డు పట్టుకుని పరిగెత్తాను.

"కొట్టకురా, నానేరా!"

నాన్న! ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు బయట. ఈ ఏడు క్రిస్మస్ తాత ఎవరో చివరిదాకా ఎవరికీ తెలియకూడదని, చీకటి చోటు చూసుకుని వేషం వేసుకుంటున్నారు. ఆ చీకటిని పట్టపగలు చేసిన ఘనుణ్ని నేనే. పైగా రాత్రి మోడ్‌లో ఎర్ర ప్యాంటు తెల్లగా పడింది, నేను మాత్రం ఎలా పోల్చుకుంటాను?

"ఎవులికీ సెప్పకురా," అని గడ్డం తగిలించుకుంటూ బతిమాలారు.

అప్పటికే నా స్నేహితుడు గ్రూపులో పెట్టేశాడు: "అరె భయ్యా, చోర్ కాదు, మీ పప్పా! లాస్ట్‌లో ఇటు తిరిగారు, దేఖో!"

క్యారల్స్ వాళ్లు పాటకు బదులు నవ్వుతూనే వచ్చారు. అమ్మ పుంజును చంకన పెట్టుకుని నవ్వింది. పాస్టరు గారు మాత్రం నా భుజం తట్టారు. "బాబూ, బొమ్మ అద్దంలా ఉంది. మన చర్చికీ నువ్వే కెమెరా పెట్టాలి."

ఛాతీ పొంగింది, దాచడమెందుకు? అందుకే సెట్టింగులు ఈనాటికీ మార్చలేదు. కానీ ఆ పుంజు కూర సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎంతటి దొంగైనా సరే, ప్యాంటు పూర్తిగా తొడుక్కున్నాకే వీడియో పంపుతాను.