హానుస్‌ను దేవుడు పంపాడు

హానుస్ ఎవరింటి తలుపు తట్టినా చెప్పే మాట ఒకటే. "దేవుడు పంపాడు. ఎందుకో చెప్పలేదు."

ఆ మాట అనేసి, బూట్లు విప్పేసి, వంటింట్లో కుర్చీ లాక్కుని కూర్చునేవాడు. కారణం తెలిసేదాకా కదలడు. ఈలోగా కాఫీ తాగేవాడు. ఫారో దీవుల్లోని ఆ పల్లెలో కాఫీగింజలు సగం హానుస్ కారణాలకే అయిపోతున్నాయని దుకాణం తూరిద్ అనేది.

ఓసారి తూరిద్ ఇంట్లోనే మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. కారణం తేలలేదు. చివరికి పొట్టేలు ఒకటి కంచె దూకి ఆమె బంగాళాదుంప మడిలో పడింది.

"ఇదిగో, ఇందుకే!" అని హానుస్ లేచి పరుగెత్తాడు.

"ఆ పొట్టేలు నీదే కదయ్యా!" అంది తూరిద్.

"దాన్నీ ఆయనే పంపి ఉంటాడు."

మార్యున్ టీచరమ్మ గడప మాత్రం అతను ఎప్పుడూ తొక్కలేదు. ఆమెకు దేవుడంటే నమ్మకం లేదు, మనుషులంటే ఓపిక లేదు. అక్క పోయిన తర్వాత ఆమె ఇల్లు కదలడం కూడా తగ్గింది. ఆ చలికాలం మంచు మీద జారి చీలమండ బెణికితే ఎవరికీ చెప్పకుండా కాలు స్టూలు మీద పెట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని కూర్చుంది.

తలుపు చప్పుడైంది.

"దేవుడు పంపాడు. ఎందుకో..."

"నా చిరునామా ఆయనకెవరిచ్చారు?"

"ఊళ్ళో ఉన్నవే నాలుగిళ్ళు కదా టీచరమ్మా, వెతుక్కుని ఉంటాడు."

"కాఫీ కావాలంటే నువ్వే పెట్టుకో. నేను లేవను."

హానుస్ దుప్పటి వైపు ఒకసారి చూశాడు. కాఫీ పెట్టి ఆమెకో కప్పు ఇచ్చాడు. పొయ్యిలో బొగ్గు వేసి, "ఇందుకు కాదేమో" అన్నాడు. కోళ్ళకు గింజలు చల్లి వచ్చి, "ఇందుకూ కాదు" అన్నాడు. గిన్నెలు కడిగి, తల గోక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు మళ్ళీ వచ్చాడు. "నిన్న కారణం కనుక్కోలేకపోయాను టీచరమ్మా. మళ్ళీ వెళ్ళమన్నాడు."

ఆమె కాలు నేల మీద ఆనేదాకా ఆ కారణం దొరకనే లేదు.

ఆ రోజు మార్యున్ స్వయంగా కాఫీ కాచి, గట్టిగా నిలదీసింది. "నిజం చెప్పు హానుసూ. ఆ దేవుడు నీతో మాట్లాడతాడా?"

"ఒక్క ముక్క మాట్లాడడు."

"మరి?"

"మా ఆవిడ పోయాక అడిగాను, నన్నెందుకు మిగిల్చావని. కుర్చీలో కూర్చుని రోజూ అడిగేవాణ్ణి. ఉలకలేదు, పలకలేదు. ఇంట్లో చెప్పడేమో, ఎదురింట్లో చెప్తాడేమోనని లేచాను."

"చెప్పాడా?"

"పొద్దున లేవగానే ఎవరో ఒకరి ఇల్లు మనసులో మెదులుతుంది. అది ఆయన పనే అనుకుంటాను. వెళ్తే అక్కడ ఏదో ఒక పని ఉంటుంది. ఆ పూటకి నేనెందుకున్నానో తెలిసిపోతుంది. రేపటి సంగతి రేపు."

"నాకు సాయం చేయడానికి వచ్చానని ఆ మాటే చెప్పొచ్చుగా?"

"చెప్తే తలుపు తీసేవారా?"

మార్యున్ ఆలోచించింది. "నీ మొహం మీదే వేసేదాన్ని."

"మరి? పిచ్చివాడంటే ఎవరైనా జాలిపడి లోపలికి రానిస్తారు."

ఆమె కిటికీలోంచి రేవు వైపు చేయి చూపించింది.

"రేవు దగ్గర యోగ్వాన్ లేడూ, ముసలాడు... ఆయనకి చూపు పోతోంది. పేపరు తలకిందులుగా పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్నాడు. ఎవరికీ చెప్పడం లేదు. మీ దేవుడికి తెలుసో లేదో."

"ఆయనకి తెలిసే ఉంటుంది. నాకే తెలియదు." హానుస్ టోపీ పెట్టుకుని, గుమ్మంలో ఆగాడు. "కానీ టీచరమ్మా, పేపరు చదివి వినిపించడం నా వల్ల కాదే. అక్షరాలు కూడబలుక్కునేసరికి ఆ వార్త పాతబడిపోతుంది."

"చిన్నప్పుడే బుద్ధిగా చదువుకుని ఉంటే ఈ తిప్పలుండేవా!" అని తిడుతూనే మార్యున్ కళ్ళజోడు వెతుక్కుంది.