దించేస్తారేమోనని

మా తమిళ ఊరి నెల్లితోపు మార్కెట్లో తాయారమ్మ చేప కొనడం చూడాలి. మొప్పలు ఎత్తి చూస్తుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది, ఆపైన అమ్మే మనిషి ముఖంలోకి చూస్తుంది. చేప బాగుంటే అనుమానం ఇంకా ఎక్కువ. ఇంత మంచిది తనకే ఎందుకు ఇస్తున్నట్టు? పక్కింటి మనిషి గనక నేను అత్తా అని పిలుస్తాను. ఆ పిలుపు వెనక ఏముందోనని కూడా ఆమె చాలాకాలం కనిపెట్టి చూసింది.

ఇది పుట్టుకతో వచ్చిన బుద్ధి కాదు. మనవరాలు మోనికకు ఆటిజం. మాటలు రావు. ఒంటి మీద కొత్త చెయ్యి పడినా, పెద్ద చప్పుడు విన్నా గొంతు చించుకుని అరుస్తుంది. తల్లి హైదరాబాదులో నర్సు కాబట్టి పిల్లను ఇక్కడ తాయారమ్మే పెంచింది. ఒకసారి తల్లి దగ్గరికని బస్సెక్కితే, మోనిక అరుపులకు జనం గొడవ పెట్టారు. డ్రైవరు ఇద్దరినీ ఎండలో రోడ్డు పక్కన దించేసి పోయాడు. నవ్వుతూనే దిగమన్నాడట. అప్పటినుంచి యూనిఫారం వేసుకుని నవ్వేవాళ్ళంటే తాయారమ్మకు గిట్టదు.

ఈమధ్య హైదరాబాదులో ఇలాంటి పిల్లల బడిలో మోనికకు చోటు దొరికింది. కూతురు విమానానికి టికెట్లు తీసింది. పాప సంగతి విమానం వాళ్ళకు ముందే చెప్పమని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. తాయారమ్మ సరేనంది, చెప్పకూడదని గట్టిగా అనుకుంది. చెబితే ఎక్కనిస్తారా?

మాకో అలవాటుంది. వీధిలో అంతా తమిళం, తెలుగు ఇంటి మాట. మాలో చాలామందికి తెలుగు అక్షరాలు చదవడం రాదు గానీ, ఎదుటివాడికి తెలియకూడనిది ఏదైనా తెలుగులోనే చెప్పుకుంటాం. కొట్టువాడి ఎదురుగానే నిలబడి వాణ్ణి తిట్టుకుంటాం. తెలుగు శెట్ల కొట్లు ఎక్కడెక్కడున్నాయో తెలుసు కాబట్టి అక్కడ మాత్రం నోరు కుట్టేసుకుంటాం.

ప్రయాణం రోజున విమానాశ్రయంలో సోదా దగ్గర మోనిక నిద్రమత్తులో ఉండి గండం గడిచింది. విమానంలో యూనిఫారం వేసుకున్న ఓ పొడుగాటి అమ్మాయి నవ్వుతూ వచ్చి, వచ్చీరాని తమిళంలో పాపకేమైనా సాయం కావాలా అని అడిగింది. చెవిపోటు, అంతే అని తాయారమ్మ తమిళంలో చెప్పి, మనవరాలి వైపు తిరిగి తెలుగందుకుంది.

"చూడు ఎట్ట నగతా ఉందో, మూతికి ఎర్రగా పూసుకోని. దీన్ని నమ్మినామా, ఆ బస్సోడి మాదిరే దించేస్తాది. చెయ్యేస్తే నువ్వు అరుస్తావని తెలిసిందంటే అయిపాయె. గమ్మునుండు కన్నా, యాడ పోయినా మనకి ఇదే గతి."

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. ముందుకు వెళ్ళి ఇంకో అమ్మాయితో గుసగుసలాడింది. ఇద్దరూ ఇటే చూశారు. కాసేపటికి ఆ అమ్మాయి తిరిగొచ్చి, పక్క సీట్లో ఉన్నాయనను లేపి వెనక్కి పంపింది. ఆయన తరవాత వంతు తమదేనని తాయారమ్మ సంచి ఒళ్ళో బిగించి పట్టుకుంది.

అప్పుడే బయట రెక్కల పంకాలు తిరగడం మొదలైంది. మోనిక ఒక్క అరుపు అరిచింది. తాయారమ్మ ఆ చిన్న నోటిని అరచేత్తో గట్టిగా మూసింది. పిల్ల గింజుకుంటున్నా వదల్లేదు.

పొడుగాటి అమ్మాయి పరుగున వచ్చి సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది.

"నోరు మూయకండి అమ్మమ్మా, ఊపిరాడదు. అరవనివ్వండి. పాపకు ఎవరూ తగలకుండా ఉంటుందనే ఆయన్ను పంపించాను."

స్పష్టమైన తెలుగు. తాయారమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నీకు తెలుగొచ్చునా?"

"మాది తెనాలండి."

"అయితే నేననింది అంతా..."

"విన్నానండి. ఎవరూ దించరు."

సిగ్గుతో చచ్చిపోతున్నా తాయారమ్మ తాయారమ్మే. "వట్టి మాటలొద్దు. పాప నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టెయ్యి" అంది.

ఆ అమ్మాయి చెయ్యి చాపి, మధ్యలో ఆపేసింది. "పాపను తాకకూడదు కదా" అని, ఆ చెయ్యి తెచ్చి తాయారమ్మ నెత్తిన పెట్టింది. "మీ మీద ఒట్టు."

అంత దయగా తనను ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్ళయిందోనని ఈ మాట చెబుతూ తాయారమ్మ మా అరుగు మీద కళ్ళొత్తుకుంది. ఆ రోజూ ఏడ్చిందట. ఏడుస్తూనే పాప నోటి మీంచి చెయ్యి తీసేసింది.

విమానం లేస్తున్నంతసేపూ మోనిక అరిచింది. వెనక సీట్లో ఎవరో తెలుగులో విసుక్కున్నారు. తాయారమ్మ వెనక్కి తిరిగి, అందరికీ వినబడేట్టు చెప్పింది:

"అరస్తాది. మా బిడ్డ అంతే."