చీమలు రాని ముగ్గు

మొన్న నాగులచవితి నాడు మా ఇంట్లో ఏం జరిగిందో చెబుతాను. విని నవ్వుతారు. నవ్వండి. అందరం బతికే ఉన్నాం కాబట్టి నవ్వొచ్చు. నేను మాత్రం ఇప్పటికీ పిండి డబ్బా మూత తీస్తే ముందు వాసన చూస్తున్నాను.

మాది కోటబొమ్మాళి దగ్గర చిన్న ఊరు. వరి పండిస్తాం. నాకో జబ్బుంది, దేన్నీ పారెయ్యలేను. కొబ్బరి పీచు గిన్నెలు తోమడానికి. బూడిద పాదులకి. బియ్యం కడిగిన నీళ్ళు గేదెకి. చిరిగిన చీర బొంతకి. పప్పుల్లో పురుగు పట్టకుండా ఎండు వేపాకు. వాకిట్లో ముగ్గు కూడా వరిపిండితోనే. రాతిపిండి అయితే ఇంకా తెల్లగా కనిపిస్తుందంటారు పక్కింటివాళ్ళు. కనిపించనీ. చీమల నోట్లోకి ఇంత పోయేది వరిపిండేగా.

మా ఆయనకి ఇదంతా చాదస్తం. ఈ ఏడు కొత్తరకం వరి వేశారు, యూరియా చల్లారు. సేద్యం సలహాలిచ్చే గ్రామసేవక్ ఏం చెబితే అదే వేదం. విత్తనాల్లో పురుగు చేరకుండా కలపమని అతనిచ్చిన తెల్లపొడి ఒక పొట్లం కట్టించుకుని వచ్చారు. ఇంట్లోకి విషం ఎందుకు, వేపాకు చాలదా అని గొడవ పెట్టుకున్నాను.

"నీ వేపాకుని సూసి పురుగు నవ్వుతాదే" అన్నారు.

ఆ పొట్లం చూస్తే ఒక పక్క చిరిగి కారుతోంది. పిల్లలు తిరిగే ఇల్లు. చిన్నదాని కోసం ఎప్పుడో కొన్న పాలపొడి డబ్బాలు రెండు నా దగ్గర దాచి ఉన్నాయి. ఒకదాంట్లో వరిపిండి పోసుకుంటాను. రెండోది ఖాళీ. మందు అందులో పోసి, మూత బిగించి, మెడకి ఎర్రగుడ్డ కట్టి, వసారాలో అటక మీద పెట్టాను. మంచి డబ్బా ఇన్నాళ్ళకి పనికొచ్చిందని సంబరపడ్డాను కూడా. అదీ నా తెలివి.

చవితి నాడు తెల్లవారకుండానే లేచి తడిబియ్యం దంచి చలిమిడి కలుపుతున్నాను. నాకు జలుబు. ముక్కు పూర్తిగా దిబ్బడ వేసింది. బెల్లం ఎక్కువైందో ఏమో, చలిమిడి నీరుకారి జావలా తయారైంది. రెండు చేతులూ అందులోనే ఉన్నాయి. తల తిప్పకుండానే, గడప దగ్గర కూర్చున్న మా అత్తగారిని పిండి డబ్బా ఇటు తొయ్యమన్నాను. ఆవిడ చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగలో ఉంది. ఉపవాసం చుట్టకి లేదు. డబ్బా జరిగి నా మోకాలికి తగిలింది. రెండు గుప్పెళ్ళు తీసి కలిపాను. చక్కగా గట్టిపడింది.

పుట్ట దగ్గరికి వెళ్ళి పాలు పోశాం. చలిమిడి ఉండ కన్నంలో జారవిడిచాం. ఇంటికొచ్చి అందరం ప్రసాదం తిన్నాం. మా చిన్నది అడిగి అడిగి మరీ పెట్టించుకుంది.

చేతులు కడుక్కుందామని వాకిట్లోకి వచ్చాను. ముగ్గు పెట్టింది పెట్టినట్టే ఉంది. రోజూ ఈ వేళకి చీమల బారులు తిరిగి సగం గీతలు చెరిగిపోతాయి. ఇవాళ ఒక్క బారు లేదు. వంగి చూశాను. చీమలున్నాయి. గీతల పక్కన, కాళ్ళు ముడుచుకుని పడున్నాయి.

నా పెద్దకూతురు పార్వతిని పిలిచాను.

"ముగ్గు ఏ పిండితో ఎట్టినావే?"

"అటక మీద డబ్బాలోదమ్మా. తానం సెయ్యకుండా వంటింట్లో పిండి ముట్టుకోవద్దన్నావు గదా."

"ఎర్రగుడ్డ కట్టి ఉన్నాది. సూడనేదా?"

"పండగకి కట్టినావనుకున్నాను."

డబ్బా ఎక్కడ పెట్టావంటే వంటింటి గడప కాడ అంది. గుడ్డ ఎప్పుడో ఊడదీసి చేతులు తుడుచుకుందట. వెళ్ళి చూద్దును కదా, రెండు డబ్బాలు పక్కపక్కన, కవలపిల్లల్లా. రెండింట్లోనూ సగం సగం. రెండూ తెలుపే.

"అత్తా, నాకు ఏ డబ్బా తోసినావు?"

ఆవిడ చుట్ట నోట్లోంచి తీసింది. "డబ్బా తొయ్యిమన్నావు, తోసినాను. ఏ డబ్బాయో సెప్పినావేటి?"

మిగిలిన చలిమిడి మా ఆయన ముక్కు దగ్గర పెట్టాను. యాలకుల వాసన, పచ్చకర్పూరం వాసన తప్ప ఏమీ తెలీడం లేదన్నారు. బండి కడతాను, టెక్కలి ఆసుపత్రికి పోదాం అని పరుగెత్తారు. నేను చెంబెడు నీళ్ళలో ఉప్పు కలిపి అందరికీ ఇచ్చాను. పార్వతి కక్కింది. మా ఆయన తాగి, ఎక్కిళ్ళు తెచ్చుకుని, వెక్కుతూనే ఎడ్లు కడుతున్నారు. కుడి ఎద్దుని ఎడమకీ, ఎడమదాన్ని కుడికీ కట్టారు. అవి కదలవు. అత్తగారు చెంబు ముట్టలేదు. నాగేంద్రుడి ప్రసాదం కక్కడం తన వల్ల కాదంది.

చిన్నది ఏదని చూస్తే అరుగు మీద పడుకుని ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. లేపితే మళ్ళీ వాలిపోతోంది. ఉప్పునీళ్ళు మింగదు. దాన్ని ఒళ్ళో వేసుకున్నాను. మీకు నవ్వొచ్చే చోటు ఇది కాదు. నేను దాని ఊపిరి వింటూ కూర్చున్నాను. నా చేత్తో కలిపాను. నా చేత్తో పెట్టాను. అంతకు మించి బుర్రలో ఏమీ లేదు.

అప్పుడు మా అత్తగారు లేచి, ఒక చలిమిడి ముక్క తీసుకుపోయి మునగచెట్టు మొదట్లో చీమల కన్నం పక్కన పెట్టింది.

"బండి కట్టేలోగా సీమలు సెప్తాయి. సూడండి."

పెళ్ళయిన దగ్గర్నుంచీ చీమలకి ముగ్గు వేస్తున్నాను. అవి నాకు తిరిగి ఏదో చెయ్యాలని ఎన్నడూ అనుకోలేదు. ఆ పూట చిన్నదాన్ని ఎత్తుకుని చెట్టు కింద గొంతుక్కూర్చుని, ఒక్క చీమ రా తల్లీ అని దండం పెట్టుకున్నాను.

ఒకటి వచ్చింది. ముక్కని మీసాలతో తడిమింది. వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

మా ఆయన కాడి పట్టుకునే అడిగారు, "ఏటమ్మా, నచ్చనేదా దానికి?"

"కబురు సెప్పడానికి ఎల్లిందిరా. నీలాగ ఒక్కతే తినేసి మూతి తుడుసుకుంటాదేటి?" అంది అత్తగారు.

కాసేపటికి కన్నంలోంచి బారు కదిలింది. ముక్క నల్లబడిపోయింది. కొరుక్కున్నవి కొరుక్కుని, నెత్తికెత్తుకున్నవి నెత్తికెత్తుకుని నడుస్తున్నాయి. ఒక్కటైనా తూలుతుందేమో, కాలు ముడుస్తుందేమో అని నేను ఒక్కొక్కదాని వెనకే చూపు పంపుతున్నాను. ఏదీ పడలేదు. ఈలోపు ఒళ్ళో చిన్నది కళ్ళు తెరిచి చుట్టూ చూసింది.

"అమ్మా, సీమలకేనా సలిమిడి? నాకో?"

పండగని చీకటితో లేపాను కదా, దానికి నిద్ర తీరలేదు. అంతే. దాన్ని గట్టిగా పట్టుకుని ఏడ్చాను. పార్వతి కూడా ఏడ్చింది. మా ఆయన ఎడ్లని విప్పారు, ఎక్కిళ్ళు ఇంకా ఆగలేదు.

"పుట్టలో పాముకి ఇసం ఎట్టిన కోడలని పేరు రానేదు, అదే సాలు" అని అత్తగారు మళ్ళీ చుట్ట అందుకుంది.

వాకిట్లో ముగ్గంతా గీకి ఎత్తాను. చచ్చిన చీమలు కూడా అందులోనే. మా ఆయన వాసన చూసి మందు డబ్బా ఏదో తేల్చుకుని, దొడ్డికి దూరంగా గొయ్యి తీసి, ముగ్గునీ, డబ్బాలో మందునీ అందులో పోశారు. ఇకమీదట ఇంటికి తేనని, విత్తనాలకి వేపాకే కలుపుకోమని తనంతట తనే అన్నారు. ఇంకో రోజయితే నెల్లాళ్ళు దెప్పేదాన్ని. ఏ మొహంతో దెప్పను? పొట్లంలో ఉన్నంతసేపూ అది విషమని చూసినవాళ్ళకి తెలిసేది. పాలడబ్బాలో పోసి ఇంట్లో పిండిలా పెట్టింది నేను.

ఖాళీ డబ్బా చేతికి ఇవ్వమన్నారు. ఇస్తూ ఇస్తూ నా నోరు ఊరుకోలేదు.

"డబ్బా గట్టిదండి. చింతపండేసి తోమితే..."

ఇంటిల్లిపాదీ నా వైపు చూశారు. మా ఆయన గునపంతో అడుగున ఒక పోటు పొడిచి, దాన్నీ గోతిలో వేసి మట్టి కప్పారు.

సాయంత్రం బెండపాదులకి నీళ్ళు పోస్తూ ఆ గొయ్యి వైపు చూశాను. పోటు ఒక్కటేగా, చిల్లులకి మాట్లు వేసేవాడు ఈ వారంలో రానే వస్తాడు కదా అనిపించింది. చెంబు కింద పెట్టి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా చెంపలు నేనే వాయించుకున్నాను.