వానకు ఎదురుకోలు

ఈ రోజు శ్రావణ శుక్రవారం. పోయిన ఆదివారం పొద్దున, నేను అక్కా అని పిలిచే మా పెద్ద తోడికోడలు కన్నుమూసింది. కుందుర్పి చుట్టుపక్కల ఆమెను ఎరిగినవాళ్లకు ఈపాటికి కబురు అందే ఉంటుంది. నేను రాసేది కబురు చెప్పడానికి కాదు. ఆమె ఏటా కొండకు మోసుకుపోయే చెంబు ఈ ఏడు ఎవరి చేతికి వెళ్లాలో తేలాలి, అందుకని.

మా ఊరికి పడమట అడవికొండలో ఒక జలపాతం ఉంది. జలపాతం అనడం మర్యాదకే. మంచి వాన పడితే వారం, పది రోజులు దూకుతుంది. మిగతా కాలమంతా అది నల్లటి చారలున్న ఎత్తైన బండ. ఏటా వేరుశెనగ ఊడలు నేలలోకి దిగే వేళకు అక్క తన ఇంటినుంచి చెంబెడు నీళ్లు తీసుకుని, పైన ఆముదపాకు మూసి, సీతాఫలం చెట్ల మధ్య కాలిబాటన వెళ్లి ఆ బండ మీద పోసి వచ్చేది. ఇంటికొచ్చిన వాళ్లకు కాళ్లకు నీళ్లిస్తాం కదా, వానకూ అంతేనట. అది ఆమె పుట్టింటి ఆచారం. నన్నూ వెంట తిప్పింది. దారిలో ఎంత దాహమైనా ఆ చెంబు ముట్టనిచ్చేది కాదు.

తారురోడ్డు చివరిదాకా మమ్మల్ని తీసుకుపోయే ఆటో అతను ఒకసారి నవ్వాడు.

“ఏమక్కా, జలపాతానికి నువ్వే నీళ్లు మోస్తాండావే!”

“నీ పెండ్లికి ఎదురుకోలు పోతిమి కదప్పా. నీకంటే వాన తక్కువదా?”

నేను లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని. బండ మీద నీళ్లు దూకుతున్న ఏడాది కూడా ఆమె చెంబు వంచుతుంటే ఊరుకోలేకపోయాను.

“అన్ని నీళ్లలో ఈ చెంబెడు ఎందుకక్కా?”

“పిలిచినప్పుడు పోసి, వచ్చినాక పలకరించకుంటే బాగుంటాదామ్మే?” అంది.

మా ఆయన పోయిన ఏడు ఇంట్లో ఏటిసూతకం. చావు జరిగిన ఇంటివాళ్లు ఏడాదిపాటు కొండ ఎక్కరు. నేను గడపలో అడ్డం నిలబడ్డాను.

“కొండకుంటాది సూతకం. నీళ్లకు యాడిదమ్మే? మరిది పోయినాడని పైరు ఎండల్లా?” అని ఒక్కతే వెళ్లింది.

వాన వచ్చిందా అని మీరు అడుగుతారు. రాలేదు. ఎండిన పైరును పశువులకు వదిలేశాం. “ఎదురుపోయేది మన పని. వచ్చేది, రానిది దాని ఇష్టం” అంటూ ఆమె చెంబును చింతపండుతో తోమి బోర్లించింది.

ఇప్పుడు మళ్లీ ఊడలు దిగే వేళ. మబ్బు లేదు. నిన్న అక్క కోడలు ఆ చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

“చిన్నత్తా, సూతకమని అందరూ వద్దంటాండారు. ఒక్క ఏడు నిలిపితే మళ్లా ఎవరూ పోరు. అత్త ఉంటే ఊరుకునేదా?”

ఊరుకునేది కాదు. మా ఇంట్లో ‘వద్దు’ అనే మాట ఎప్పుడూ నాదే కాబట్టి ఆ పిల్ల నన్నడిగింది. కనుక ఇకపై జరగవలసినవి:

1. బుధవారం పెద్దకర్మ. గురువారం ఎండ ఎక్కకముందే బయలుదేరాలి.

2. చెంబు కోడలే మోయాలి. నేను వెనక నడుస్తాను. నా మోకాళ్ల సంగతి ఎవరూ ఎత్తకూడదు.

3. సూతకం సంగతి ఎత్తదలచినవాళ్లు నా దగ్గరికి రావాలి, ఆ పిల్ల దగ్గరికి కాదు.

4. నీళ్లు పోసిన వెంటనే తిరగకూడదు. అక్క ఏనాడూ తిరగలేదు. వేడిబండ మీద ఆ తడిచార పైనుంచి ఆరుతూ ఆరుతూ కిందికి దిగి, చివరి చెమ్మ కూడా రాతిలో కలిసేదాకా, పెద్దవాళ్లను సాగనంపినట్టు చేతులు కట్టుకుని నిలబడాలి.